అయిదు శాతం క్యాష్‌బ్యాక్‌లో మీ చేతికి వచ్చేదెంత?

ప్రశ్న: మా ఇంటి ఖర్చు నెలకు 28,000. ఇందులో ఆన్‌లైన్ కొనుగోళ్లు 6,000, సూపర్‌మార్కెట్ 8,000, పెట్రోల్ 3,000, కరెంటు 2,000, స్కూలు ఫీజు 5,000, బీమా 4,000. ఆన్‌లైన్‌లో 5 శాతం, షాపుల్లో 1 శాతం క్యాష్‌బ్యాక్ (ఖర్చులో కొంత వెనక్కి) ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకోమంటున్నారు. ఏడాదికి 999 ఫీజు, 2 లక్షలు వాడితే మాఫీ అట. తీసుకోమంటారా? – ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఖర్చును ఇలా విడగొట్టి రాశారు కాబట్టి లెక్క తేలిగ్గానే తేలుతుంది. మీ జాబితాలో పెట్రోల్, కరెంటు, స్కూలు ఫీజు, బీమా కలిపితే 14,000. ఇలాంటి కార్డులు చాలావరకు వీటి మీద పైసా ఇవ్వవు. అద్దె, బంగారం, వాలెట్‌లో వేసుకునే డబ్బు కూడా అంతే. అంటే మీ ఖర్చులో సగం లెక్కలోకే రాదు.

మిగిలిన సగం చూద్దాం. ఆన్‌లైన్ 6,000 మీద 300, సూపర్‌మార్కెట్ 8,000 మీద 80. నెలకు 380, ఏడాదికి 4,560. ఫీజు 999కి 18 శాతం జీఎస్టీ కలిపితే 1,179. అది తీసేస్తే 3,381 మిగులుతుంది.

ఫీజు మాఫీ దగ్గర ఒక మెలిక ఉంది. క్యాష్‌బ్యాక్ రాని ఖర్చులను 2 లక్షల లెక్కలో కలుపుతారా లేదా అన్నది బ్యాంకును అడిగి తెలుసుకోండి. కలపకపోతే మీకు ఏడాదికి 1,68,000 మాత్రమే అవుతుంది. 1,179 మిగులుతుంది కదా అని అవసరం లేని 32,000 సరుకు మాత్రం కొనకండి.

ఇప్పుడు ఫీజు లేని కార్డుతో పోల్చుకోండి. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు వార్షిక ఫీజు లేదు. అమెజాన్‌లో ప్రైమ్ సభ్యులకు (ఏటా చందా కట్టేవాళ్లకు) 5 శాతం, మిగతావాళ్లకు 3 శాతం, బయట చాలా చోట్ల 1 శాతం. మీ 6,000లో 4,000 అమెజాన్‌లోనే కొంటారనుకుందాం. ప్రైమ్ లేకుండా 120, మిగతా 10,000 (ఆన్‌లైన్ 2,000, సూపర్‌మార్కెట్ 8,000) మీద 100, మొత్తం నెలకు 220. ఏడాదికి 2,640. ప్రైమ్ ఉంటే 3,600 వస్తుంది. కానీ ఈ క్యాష్‌బ్యాక్ కోసమే 1,499 కట్టి ప్రైమ్ తీసుకుంటే 2,101కి పడిపోతుంది.

కాబట్టి మీకు ఇప్పటికే ప్రైమ్ లేకపోతే, మీరు రాసిన ఖర్చుకు ఫీజు కార్డే మెరుగు, తేడా 741 రూపాయలు. ఆన్‌లైన్ కొనుగోళ్లు నెలకు 4,000కు తగ్గి, అవన్నీ అమెజాన్‌లోనే అయితే లెక్క తిరగబడుతుంది: ఫీజు కార్డుకు 2,181, ఫీజు లేనిదానికి 2,400. గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి, సగటు ఎంతో చూసి నిర్ణయించుకోండి.

చేరేటప్పుడున్న నియమాలు ఎప్పటికీ అలాగే ఉంటాయనుకోకండి. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు 2022లో వచ్చినప్పుడు నెలకు 10,000 దాకా ఇచ్చేది. 2023లో ఆ పరిమితిని 5,000కు తగ్గించారు. స్కూలు ఫీజులు, బీమా, నగల వంటివి కూడా అప్పుడే తీసేశారు.

ప్రశ్న: సూపర్‌మార్కెట్‌లో కొన్నదానికి క్యాష్‌బ్యాక్ రాలేదు. ఎందుకు? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: బ్యాంకు చూసేది మీరు కొన్న సరుకును కాదు, ఆ దుకాణం మెషీన్‌కు ఇచ్చిన నాలుగంకెల కోడ్‌ను. కిరాణాకు 5411, పెట్రోల్ బంకుకు 5541, నగల దుకాణానికి 5944. దుకాణం వేరే కోడ్ కింద నమోదై ఉంటే పప్పు, బియ్యం కొన్నా దక్కదు. ముందు చిన్న బిల్లు ఒకటి కార్డుతో కట్టి, స్టేట్‌మెంట్‌లో ఏమొచ్చిందో చూడండి. ఆ తర్వాతే పెద్ద బిల్లు. ఈఎంఐకి మార్చినవాటికి సాధారణంగా రాదు. సరుకు వాపసు చేస్తే ఇచ్చినది కూడా వెనక్కి తీసుకుంటారు.

కార్డు గీస్తే 2 శాతం అదనం అడిగే దుకాణంలో నగదో, యూపీఐయో వాడండి. 8,000కి 160 ఇచ్చి 80 తెచ్చుకోవడమెందుకు?

ప్రశ్న: మా వీధి కొట్టులో క్యూఆర్ మాత్రమే ఉంది. క్రెడిట్ కార్డుతో కట్టొచ్చా? – ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: రూపే క్రెడిట్ కార్డు అయితే యూపీఐ యాప్‌కు కలుపుకోవచ్చు. వీసా, మాస్టర్‌కార్డు కుదరవు. కొట్టు క్యూఆర్ వ్యాపారి ఖాతాది అయి ఉండాలి. కొట్టాయన సొంత ఖాతా క్యూఆర్ అయితే చెల్లింపు జరగదు. యూపీఐ ద్వారా చేసిన ఖర్చుకు కొన్ని కార్డులు తక్కువ శాతం ఇస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు. అది ముందే చూసుకోండి.

ప్రశ్న: ఈ నెల చేతిలో డబ్బు లేదు. 20,000 బిల్లుకు మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) 1,000 కడితే సరిపోతుందా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆలస్య రుసుము తప్పుతుందంతే, వడ్డీ తప్పదు. నెలకు 3.75 శాతం వడ్డీ ఉన్న కార్డుకు 20,000 మీద సుమారు 750, దాని మీద జీఎస్టీ 135. ఒక్క నెలకే 885. పైగా వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, ఒక్కో వస్తువు కొన్న రోజు నుంచి వేస్తారు. బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. కాబట్టి వీలైనంత ఎక్కువ కట్టి, బాకీ మొత్తం తీరేదాకా కార్డును బయటికి తీయకండి. ఇకముందు మొత్తం బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్టేలా ఆటోపే పెట్టుకోండి. అది పెట్టేటప్పుడు ‘మినిమమ్’ కాకుండా ‘టోటల్’ అన్నది ఎంచుకోవాలి. చాలామంది పొరపడేది అక్కడే.