డి డ్రైవ్‌లో ఫైలు ఉంది, సెర్చ్‌లో రావడం లేదు: ఫార్మాట్‌కి ముందు ఇవి చూడండి

అక్కా, ఫార్మాట్‌కి మాత్రం ఒప్పుకోవద్దు. చిత్తూరులో దస్తావేజులు రాసే ఆఫీసులో పని అన్నారు. పాత డాక్యుమెంట్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, స్టార్ట్ మెనూలో పేరు కొడితే ఒక్కటీ రావడం లేదు, రిపేరు చేసే అబ్బాయి విండోస్ మళ్ళీ ఎక్కించాలంటున్నాడు అని రాసినారు. మళ్ళీ ఎక్కించినా ఇదే సమస్య అట్లనే వచ్చి కూర్చుంటుంది. చాలావరకు ఇక్కడ చెడిపోయింది ఏమీ ఉండదు.

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో మా మామ డీటీపీ షాపులో పదేండ్లుగా నేనే కంప్యూటర్ చూస్తున్నా. ఒకసారి ముహూర్తాల రద్దీలో చంద్రగిరి నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. "పెద్దబిడ్డ పెండ్లికి ఇక్కడే కొట్టించినాం నాయనా, చిన్నబిడ్డకీ ఆ కార్డు మాదిరే కావాల" అన్నాడు. సెర్చ్‌లో ఏం కొట్టినా రాలేదు. ఆయన గంటన్నర బెంచీ మీద కూర్చున్నాడు, నేను ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిచి చూస్తా ఉన్నా. కడాకు మొదట్నుంచీ మళ్ళీ టైపు చేసినాం. వారం తర్వాత అదే ఫైలు డి డ్రైవ్‌లోనే కనబడింది. ఆయన్ని ఊరికే కూర్చోబెట్టినానే అని చాలా బాధపడినా. ఈ సంగతులన్నీ ఆ తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నవే.

మీ పనిలోంచే చెప్తా. ఈసీకి, అంటే ఆస్తి మీద ఏయే లావాదేవీలు జరిగినాయో చెప్పే కాగితానికి పెడితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజులన్నీ తిరగేయరు కదా. పేర్లకొక సూచిక, ఆస్తులకొక సూచిక ఉంటాయి, వాటిలో చూస్తారు. సూచికలోకి ఎక్కని దస్తావేజు బీరువాలో భద్రంగా ఉన్నా ఈసీలో రాదు. విండోస్ సెర్చ్ కూడా అంతే. ముందే రాసిపెట్టుకున్న ఇండెక్స్‌లో, అంటే తన సూచికలో చూసి చెప్తుంది. మామూలుగా ఆ ఇండెక్స్‌లోకి ఎక్కేది సి డ్రైవ్‌లో మన యూజర్ పేరు కింద ఉండే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటివే. డి డ్రైవ్‌ని మనమే చేర్చాలి.

చేర్చే ముందు ఒక పరీక్ష చేయండి. ఫైలు ఉన్న ఫోల్డర్ తెరిచి, పైన కుడిపక్క ఉండే సెర్చ్ గడిలో పేరు కొట్టండి. అక్కడ వచ్చి స్టార్ట్ మెనూలో రాకుంటే సమస్య ఇండెక్స్‌దే. కంట్రోల్ ప్యానెల్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిచి, మాడిఫై నొక్కి, డి డ్రైవ్‌లో మీ పని ఫోల్డర్‌కి టిక్ పెట్టండి. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ అనే పద్ధతి కూడా ఉంది, అది కంప్యూటర్ మొత్తాన్నీ ఇండెక్స్ చేస్తుంది. పాత మెషీన్ అయితే నేను ఒక్క ఫోల్డర్‌కే టిక్ పెడతా, బరువు తక్కువ.

అయినా రాకుంటే విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి, వచ్చిన గడిలో services.msc అని కొట్టి సర్వీసెస్ తెరిచి, విండోస్ సెర్చ్ అనే వరుస చూడండి. మా షాపులో ఎవరో మెకానిక్ కంప్యూటర్ స్పీడు పెరుగుతుందని దాన్ని డిజేబుల్ చేసి పోయినాడు! ఆటోమేటిక్‌కి మార్చి స్టార్ట్ చేయండి. ఆ తర్వాత కూడా పాత ఫలితాలే వస్తుంటే ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి రీబిల్డ్ పెట్టండి. దీనివల్ల ఫైళ్ళకు ఏమీ కాదు, సూచిక మాత్రమే కొత్తగా రాసుకుంటుంది. మనం పని చేస్తుంటే అది నెమ్మదిస్తుంది. కాబట్టి సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు పెట్టి, స్లీప్‌లోకి పోకుండా చూసి వదిలేయండి.

ఇంతవరకు ఎవరికైనా చెప్పేదే. మన తెలుగు ఆఫీసులకు ఇంకొక చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. మీ పాత డాక్యుమెంట్లు 'అను' అనే పాతకాలం తెలుగు ఫాంట్లలో టైపు చేసినవైతే, తెరమీద 'క్రయపత్రం' అని కనబడుతున్నా ఫైలులోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది, అంతే. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే పద్ధతి యూనికోడ్. దాని తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అచ్చు పనిలో మాత్రం మేం పాత ఫాంట్లతోనే ఉండిపోయినాం. అందుకే సెర్చ్‌లో యూనికోడ్ తెలుగులో 'క్రయపత్రం' కొడితే ఆ ఫైళ్ళలోని మాట దొరకదు. అచ్చుకు పేజీలు అమర్చే పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలైతే లోపలి రాతను ఇండెక్స్ అసలు చదవలేదు. వీటికి ఫైలు పేరే దిక్కు. నేను ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో ఏడాది, నెల, ఊరు, ఇంటిపేరు వరుసగా పెట్టి సేవ్ చేస్తున్నా. పాతవాటికి కూడా తీరిక దొరికినప్పుడల్లా పది పది చొప్పున పేర్లు మార్చినా.

యూనికోడ్‌లో టైపు చేసినవాటికీ ఒక జాగ్రత్త. 'పార్ట్‌నర్‌షిప్' అని ఒకరు కొడతారు, 'పార్ట్నర్షిప్' అని ఇంకొకరు కొడతారు. నోటికి ఒకే మాట, కంప్యూటర్‌కి వేరు. 'పార్ట్' అని మొదటి ముక్క మాత్రం కొట్టండి. పేరు మధ్యలోని ముక్క గుర్తుంటే దాని ముందు నక్షత్రం గుర్తు (*) పెట్టి ఫోల్డర్‌లోని సెర్చ్ గడిలో వెతకండి.

ఫైలు పేర్లు మాత్రమే వెతికే పని ఎక్కువైతే ఎవ్రీథింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. డిస్క్‌లోని ఫైళ్ళ పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి పేరు కొడుతుండగానే చూపిస్తుంది. మా షాపులో రోజూ వాడేది అదే.

మీ ఫైళ్ళు వర్డ్‌వా, పేజ్‌మేకర్‌వా, టైపు చేసింది అనులోనా యూనికోడ్‌లోనా రాయండి అక్కా. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో పైన ఎన్ని ఐటెమ్స్ అని అంకె చూపిస్తుంది, అది కూడా చెప్తే మిగతాది చూద్దాం.