ఊడిపోయిన ‘ట’

చి. శ్రావణికి,

అత్త ఆశీస్సులు.

వచ్చే సోమవారం నుంచి ఫ్యాక్ట్‌చెక్ డెస్కులో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత సంతోషపడుతున్నాడో గొంతులోనే తెలిసిపోయింది. ఆ రాత్రే నీ మెసేజ్ వచ్చింది: “అత్తా, అన్నేళ్లు పేపర్ డెస్కులో చేశావు కదా, నాకేమైనా చెప్పు” అని. ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

మా రోజుల్లో ఈ పనికి ఫ్యాక్ట్‌చెక్ అనే పేరు లేదు. జిల్లాల నుంచి వచ్చిన వార్తలు దిద్దేవాళ్లం, హెడ్డింగ్ పెట్టేవాళ్లం, పేజీ కట్టించేవాళ్లం. ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఇప్పటికీ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

తొంభైలలో సంగతి. రాత్రి పదకొండున్నర, ఎడిషన్ వెళ్లిపోయే టైం. పక్క జిల్లా స్ట్రింగర్, అంటే మాకు వార్తలు పంపే పార్ట్‌టైం విలేకరి, ఫోన్ చేసి ఒక పాతతరం హార్మోనిస్టు పోయారని చెప్పాడు. పద్యనాటకాల్లో పేరున్న మనిషి. ఇంకొకరిని అడగకుండా మరణవార్త వేయకూడదని మా డెస్కులో నియమం. ఆ ఊళ్లోనే ఉండే నాటక సమాజం కార్యదర్శికి ఫోన్ చేశాను. “అవునమ్మా, పోయారట పాపం” అన్నాడు. ఇద్దరు చెప్పారు కదా అని ఫొటోతో సహా వేసేశాం. పొద్దున్నే ఆయన భార్య ఆఫీసుకి ఫోన్ చేసింది. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. “ఆయన ఇక్కడే కూర్చుని పేపరు చూస్తున్నారమ్మా. పొద్దుటి నుంచి జనం దండలు పట్టుకుని వస్తున్నారు. పిల్లలు భయపడుతున్నారు” అంది.

తర్వాత ఆరా తీస్తే, ఆ కార్యదర్శికి ఆ కబురు చెప్పింది మా స్ట్రింగరే. నేను ఇద్దరిని అడిగాననుకున్నాను. నిజానికి ఒకే మనిషిని రెండుసార్లు అడిగాను. కార్యదర్శి మాత్రం అబద్ధం చెప్పలేదు. “పోయారట” అన్నాడు. ఆ చివరి ‘ట’ను నేను వినిపించుకోలేదు. పేపర్లో “పోయారు” అని వేశాను.

శ్రావణీ, మన భాషలో ఆ చిన్న ‘ట’ ఎంత పని చేస్తుందో చూడు. నేను చూడలేదు, ఎవరో అంటే విన్నాను అనే సంగతంతా ఒక్క అక్షరంలో చెప్పేస్తుంది. వాట్సాప్‌లో ఒక కబురు రెండు మూడు చేతులు మారేసరికి మొదట ఊడిపోయేది అదే. వచ్చారట కాస్తా వచ్చారు అవుతుంది, ఎత్తుకెళ్లారట కాస్తా ఎత్తుకెళ్లారు అవుతుంది. నీ దగ్గరికి ఏ మెసేజ్ వచ్చినా దాని చివర ఆ ‘ట’ మళ్లీ తగిలించి చదువు. అప్పుడు “అన్నదెవరు?” అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. పది ఛానళ్లు, ఇరవై పేజీలు ఒకే విషయం పెట్టాయంటే పది ఆధారాలు ఉన్నట్టు కాదు. వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడు. ఒకే అచ్చుతప్పు అన్నింట్లో ఉంటే అన్నీ ఒకే చోటి నుంచి వచ్చినట్టే.

ఇక వీడియోల సంగతి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి మీ సింగ్‌నగర్ మునిగినప్పుడు మీ నాన్న ఒక వీడియో పంపాడు, గుర్తుందా? ఒక వీధిలో ఎర్రటి నీళ్లు ఉరుకుతున్నాయి, ఒక లారీ పక్కకి ఒరిగిపోతోంది. కింద “మన పక్క వీధే, ఇప్పుడే తీసింది” అని ఉంది. నాకు చేతులు వణికాయి. మీరంతా అక్కడే ఉన్నారు మరి. అయినా కూర్చుని, వీడియోని ఆపుతూ ఆపుతూ చూశాను. లారీ నంబరు ప్లేటు మీద కేఎల్ అని ఉంది. కేరళ లారీ. దానితోనే తేల్చేస్తే అది తొందరపాటు. కేరళ లారీలు విజయవాడకు రోజూ వస్తాయి. ఇంకొంచెం ముందుకి జరిపితే ఒక షాపు బోర్డు కనిపించింది, మలయాళం అక్షరాలు. లారీ ఊళ్లు తిరుగుతుంది, షాపు బోర్డు తిరగదు. ఆ ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో పెడితే, అదే వీడియో 2018 ఆగస్టులో, కేరళ వరదలప్పుడు, యూట్యూబ్‌లో ఎక్కించినట్టు దొరికింది.

ఇక్కడ డెస్కుల్లో చాలామంది పొరపడతారు, జాగ్రత్తగా విను. ఆ పాత తేదీ దొరికితే నాకు రుజువైంది ఒక్కటే: ఇది 2024 విజయవాడ కాదు. అంతమాత్రాన అది కేరళలో ఫలానా ఊరు అని రాయడానికి వీల్లేదు. ఆ ఎక్కించినవాడు కూడా ఎవరి దగ్గరో తీసుకుని ఉండొచ్చు. ఏమి కాదో చెప్పడం ఒక పని, ఏమిటో చెప్పడం ఇంకో పని. రెండోదానికి విడిగా ఆధారం కావాలి: ఆ బోర్డు మీద ఊరి పేరు, అక్కడి గుడో వంతెనో, అప్పటి స్థానిక వార్త. అలాగే లెన్స్‌లో ఏమీ దొరకలేదంటే వీడియో కొత్తదని కాదు, నిజమని అంతకన్నా కాదు. “మాకు ఆధారం దొరకలేదు” అని రాయడానికి సిగ్గుపడకు. “అబద్ధం” అనే మాట బరువైనది, దాన్ని మోసే రుజువు ఉన్నప్పుడే వాడు.

ఫైలు తేదీని నమ్మకు. ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది తీసిన తేదీ, చోటు వంటి వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. నీ ఫోన్లో కనిపించేది అది నీకు చేరిన తేదీ. పెద్ద వీడియోల కోసం ఇన్‌విడ్ అనే టూల్ మీ ఆఫీసులో నేర్పిస్తారు. వీడియోని ఫ్రేములుగా విడగొట్టి ఒక్కోదాన్నీ వెతకడానికి పనికొస్తుంది. వెతికేటప్పుడు తెలుగుతో ఆగిపోకు, ఇంగ్లిష్‌లో, హిందీలో కూడా వెతుకు. మన దగ్గర తిరిగే వీడియో మన దగ్గర పుట్టి ఉండాలని లేదు.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు వచ్చారని మెసేజ్‌లు ఊళ్లను ఊపేశాయి కదా. వాటితో తిరిగిన వీడియోలో మోటార్‌సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకునే పిల్లాడిని ఎత్తుకుపోతారు. అది కరాచీలో తీసిన అవగాహన చిత్రం. అసలు దాంట్లో చివర ఆ పిల్లాడిని తిరిగి తెచ్చి దింపేసి, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి అన్నట్టు బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. వీడియోలో ఒక్క ఫ్రేమూ మార్చలేదు, తోక కోశారంతే. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. జూలైలో, స్నేహితులతో బీదర్ జిల్లాకు వెళ్లిన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకతను జనం చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. దారిలో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు వాళ్లు, అదే అనుమానమైంది. వాళ్ల కారు చేరేలోపే వాళ్ల గురించి మెసేజ్ ముందున్న ఊరికి చేరిపోయింది. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌కి ఐదు చాట్‌ల పరిమితి పెట్టింది. ఇప్పుడు మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది చూడు, అది చాలా చేతులు మారిందని అర్థం. అబద్ధమని కాదు, అన్నవాడికి చాలా దూరం వచ్చేసిందని.

అందుకే దేన్ని ముందు చెక్ చేయాలి అని నువ్వు అడిగితే, జనం ఎక్కువగా నవ్వుకునేదాన్ని కాదు, ఎవరి మీదికైనా మనుషుల్ని ఉసిగొల్పేదాన్ని అంటాను. జాతీయగీతానికి యునెస్కో అవార్డు ఇచ్చిందనే మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. యునెస్కో కాదని చెప్పింది కూడా. దాన్ని సాయంత్రం చూసుకున్నా ఫరవాలేదు. ఫలానా వీధిలో ఫలానా మనుషులు తిరుగుతున్నారు అనే మెసేజ్ వస్తే మాత్రం టీ కప్పు పక్కన పెట్టి అక్కడి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చెయ్యి.

హెడ్డింగ్ గురించి నాకు గట్టి పట్టింపు ఉంది. 2018లో ఆ మెసేజ్‌లు “పార్థీ గ్యాంగ్” అని ఒక పేరు పట్టుకుని తిరిగాయి. పార్థీలు ఒక తెగ. బ్రిటిష్ వాళ్లు చట్టం చేసి నేరస్థ తెగలని ముద్ర వేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఆ చట్టం రద్దయి, 1952 నుంచి వాళ్ల పేరు ఆ జాబితాలో లేదు. నువ్వు “పార్థీ గ్యాంగ్ తిరుగుతోందా?” అని పెద్దక్షరాల్లో పెట్టి, కింద చిన్నక్షరాల్లో “కాదు” అని రాస్తే, చదివేవాళ్లకి గుర్తుండేది పై లైనే. ముందు నిజం రాయి. “ఈ వీడియో కరాచీలో తీసిన అవగాహన చిత్రం” అన్నదే హెడ్డింగ్. అబద్ధాన్ని కథనంలో ఒక్కసారి, అవసరమైనంత మేరకే చెప్పు. స్క్రీన్‌షాట్ పెడితే దాని మీద అడ్డంగా పెద్ద గుర్తు వెయ్యి. లేకపోతే నీ ఫొటోనే కత్తిరించి మళ్లీ తిప్పుతారు.

పేపర్ క్లిప్పింగ్‌లు నాకు ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం ఆగుతాను. ప్రతి పేపరుకీ దాని అక్షరం దానికుంటుంది. వొత్తు ఎంత కిందికి దిగుతుంది, సున్నా ఎంత గుండ్రంగా ఉంటుంది, వార్త మొదట్లో ఊరు, తేదీ వేసే డేట్‌లైన్‌లో ఊరి పేరు తర్వాత ఏ గుర్తు పెడతారు, కాలమ్ వెడల్పెంత, ఇవన్నీ ఇంటి వంట లాంటివి, బయటివాడికి పట్టుబడవు. దొంగ క్లిప్పింగ్ చేసేవాళ్లు కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఫాంటు వాడతారు. నువ్వు వారం రోజులు పెద్ద పేపర్లు నాలుగైదు ముందు వేసుకుని అక్షరాలు చూడు, కన్ను అలవాటవుతుంది. కానీ కన్ను అనుమానించడానికే, తీర్పు చెప్పడానికి కాదు. ఆ తేదీ ఈ-పేపర్ తీసి, మెయిన్ ఎడిషన్‌తో పాటు ఆ జిల్లా ఎడిషన్ కూడా తిరగేసి, ఆ పేజీలో నిజంగా ఏముందో చూపించు. “రేపు స్కూళ్లకు సెలవు” అనే కలెక్టర్ ఆర్డర్లు కూడా ఇంతే. చాలాసార్లు పాత ఆర్డర్‌లో తేదీ మార్చి వదులుతారు.

గొప్పవాళ్ల సూక్తుల దగ్గర ఒకటే ప్రశ్న: ఎక్కడ, ఎప్పుడు అన్నారు? ఊరూ తేదీ పుస్తకమూ ఏదీ లేకపోతే అనుమానించు. 2020 ఏప్రిల్‌లో ఆర్థిక వ్యవస్థ గురించి రతన్ టాటా అన్నట్టు ఒక సందేశం తిరిగితే, అది తాను అనలేదు, రాయలేదు అని ఆయనే చెప్పారు. ఆయన అప్పటికి ఉన్నారు కాబట్టి చెప్పగలిగారు. అబ్దుల్ కలాం గారి పేరు మీద తిరిగేవాటికి జవాబు చెప్పడానికి ఆయన లేరు. ఆ పని నీ మీద పడుతుంది.

డీప్‌ఫేక్‌ల గురించి, అంటే కంప్యూటర్‌తో ఒకరి ముఖం ఇంకొకరికి అతికించే వీడియోల గురించి, నీకే నాకంటే బాగా తెలుసు. 2023 నవంబరులో రష్మిక మందన్న పేరుతో తిరిగిన వీడియోలో శరీరం వేరొక యువతిది. ఆ యువతి పెట్టిన అసలు వీడియో అక్టోబరు నాటిది, దాన్ని పట్టుకోవడంతోనే గుట్టు బయటపడింది. కొత్త మాయకి కూడా పాత మందే: అసలుది ఎక్కడుందో వెతకడం.

రాసింది ఎవరికి చేరాలో కూడా ఆలోచించు. నీ కథనం చదివేది ముందే అనుమానం ఉన్నవాళ్లు. నమ్మినవాళ్లు వెబ్‌సైట్ దాకా రారు. 2018లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఈ పుకార్ల మీద పోలీసుల్ని ఊళ్లలోకి పంపారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు. 2020 ఫిబ్రవరిలో కోడికూర తింటే కరోనా వస్తుందని భయపడి జనం మానేస్తే, హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద అందరి ముందూ చికెన్ తిని చూపించారు. ప్రెస్‌నోట్ వెళ్లలేని చోటికి కళ్లముందు కనిపించేది వెళ్తుంది. నీ కథనానికి ఒక నిమిషం వాయిస్ మెసేజ్ కూడా చేసి పెట్టు, మామూలు మాటల్లో, మీ నాయనమ్మకి చెప్పినట్టు. వెతికిన తీరు కూడా దాంట్లో చెప్పు. ఎలా తెలిసిందో చెప్తేనే “వీళ్లు చెప్పారు కాబట్టి నమ్మాలి” అనే బాధ వాళ్లకి తప్పుతుంది.

చివరగా మీ నాన్న సంగతి. ఆ రోజు ఆ వీడియో అబద్ధమని తెలిసిన వెంటనే నేను ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందూ పెట్టేశాను. “చూసుకుని పంపాలి కదరా” అని కూడా రాశాను. వాడు రెండు నెలలు గ్రూపులో మాట్లాడలేదు. మోకాలి లోతు నీళ్లలో, కరెంటు లేక, పిల్లల్ని మేడ మీద పెట్టుకుని కూర్చున్న మనిషి అది పంపాడు. మమ్మల్ని భయపెట్టాలని కాదు, వాడు భయపడ్డాడు కాబట్టి పంపాడు. నేను ముందు “మీరంతా బాగున్నారా” అని అడిగి, ఆ తర్వాత వాడికి విడిగా ఫోన్ చేసి చెప్పాల్సింది. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడికి ఆ మాటే చెప్పాను. నీ డెస్కుకి మెసేజ్ పంపి “ఇది నిజమేనా” అని అడిగేవాళ్లలో ఎక్కువమంది మీ నాన్నలాంటి వాళ్లే ఉంటారు. జవాబులో మొదటి లైన్ వాళ్లని మందలించేది కాకుండా చూసుకో.

నీ మొదటి కథనం పబ్లిష్ అయ్యాక లింక్ పంపు, నేను ఎర్ర పెన్ను పట్టుకునే చదువుతాను. ఇది రాస్తుండగానే మీ నాన్న మెసేజ్ వచ్చింది, ఒక వీడియోతో: “అక్కా, ఎక్కడో కట్ట తెగిందట. ఎప్పటిదో చూస్తావా?” చూసి చెప్తానన్నాను.

ఉంటాను,
మీ అత్త