ఏ520 వద్దు, బీ550 తీసుకోండి

మీ దగ్గర రైజెన్ 5 5600 ప్రాసెసర్ ఉంది, ఓవర్‌క్లాకింగ్‌కు (ప్రాసెసర్‌ను మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడపడానికి) చవకైన మదర్‌బోర్డు కావాలి, చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఏ520 చిప్‌సెట్ బోర్డు అంటగట్టబోయారు అని రాశారు. అది వద్దండి. ఏ520లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు గానీ ప్రాసెసర్ జోలికి పోనివ్వదు. బీ450, బీ550 రెండూ పోనిస్తాయి. బీ450 పాత సరుకైతే బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేదాకా మీ ప్రాసెసర్‌తో తెర వెలగకపోవచ్చు. అందుకే నా ఓటు బీ550కి.

పెట్టె మీది రంగుల బొమ్మ చూసి మురిసిపోకండి. అంగడిలోనే తెరిపించి, ప్రాసెసర్ సాకెట్‌కు ఎడమ పక్కన చూడండి. అక్కడ వరసగా ఉండేవే ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి అందించే వీఆర్‌ఎం చిప్పులు. అవి బోసిగా కనిపిస్తే వదిలేయండి. పైన వేడిని లాగేసే లోహపు హీట్‌సింక్ ఉండాలి, అదీ మరలతో బిగించినదైతే మేలు. నేను ఒకసారి అలాంటి బోసి బోర్డు కొని, చెన్నై మే నెలలో ఏసీ లేని గదిలో వాడాను. గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే ఆ చిప్పులు వేడెక్కి వేగం చతికిలబడేది. చివరికి చిన్న ఫ్యానొకటి దారంతో కట్టి ఆ వేసవి నెట్టుకొచ్చాను.

అన్నట్టు, 5600 తనంతట తానే 4.4 గిగాహెర్ట్‌జ్ దాకా వెళుతుంది. ముందు బయోస్‌లో పీబీఓ (ప్రాసెసర్ తన వేగాన్ని తానే ఇంకాస్త పెంచుకునేలా చేసే సెట్టింగ్) ఆన్ చేసి చూడండి. బోర్డుకే డబ్బంతా పెట్టకుండా మంచి కూలర్‌కు కొంత మిగుల్చుకోండి.