పాత బాకీ సంగతి తర్వాత, ముందు ఆ జాయింట్ లోన్ నుంచి బయటపడండి

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 38, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, చేతికొచ్చే జీతం 68 వేలు. భర్త వ్యాపారం కోసం తన పేరు మీద తీసిన పర్సనల్ లోన్ కట్టలేకపోతే బ్యాంకు వాయిదాలు తగ్గించి గడువు పెంచింది, మూడేళ్లు కట్టి పూర్తిగా తీర్చేశారు. క్రెడిట్ కార్డు బాకీ 1.9 లక్షలుంటే 2022లో 1.1 లక్షలకు సెటిల్ చేసుకున్నారు. రెండేళ్లుగా పాపతో పుట్టింట్లో ఉంటున్నారు, విడాకులు ఇంకా రాలేదు, పరస్పర అంగీకారంతో తీసుకుందామని మాటలు నడుస్తున్నాయి. ఇప్పుడు 38 లక్షల ఫ్లాట్ చూశారు. 30 లక్షల లోన్ ఇస్తారా, ఇంకా ఎన్నేళ్లు ఆగాలి, పోనీ నాన్న పేరు మీద కొనేయమంటారా అని అడిగారు. హైదరాబాద్‌లో భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉన్న ఫ్లాట్ లోన్‌కి 31,500 ఈఎంఐ భర్తే కడుతున్నారని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు.

మీరు వదిలేసిన ఆ ముక్క దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

లోన్ పేపర్ల మీద ఇద్దరూ సంతకం చేశారు కాబట్టి, ఎవరు కడుతున్నా మొత్తం బాకీకి ఇద్దరూ బాధ్యులే. విడిగా ఉంటున్నారని బ్యాంకు మీ పేరు తీసేయదు, రేపు విడాకులు వచ్చినా తీసేయదు. లెక్క చూడండి. మీ జీతంలో సగం వరకు ఈఎంఐలకు ఒప్పుకుంటారనుకుంటే 34 వేలు. అందులో ఆ 31,500 తీసేస్తే మిగిలేది 2,500. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే లక్షకు ఈఎంఐ సుమారు 868 రూపాయలు, అంటే మీకు మూడు లక్షల లోన్ కూడా రాదు. అదే మీ పేరు ఆ లోన్‌లో లేకపోతే 30 లక్షలకు నెలకు 26 వేల చిల్లర, మీ జీతానికి హాయిగా సరిపోతుంది. ఆయన తన ఖాతాలోంచే కడుతున్నట్టు స్టేట్‌మెంట్లు చూపిస్తే కొందరు ఆ ఈఎంఐని లెక్కలోంచి తప్పిస్తారు, కానీ విడిపోయిన దంపతుల విషయంలో దాన్ని నమ్ముకుని అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.

ఇంకో సంగతి. మీ సిబిల్ రిపోర్టు, అంటే మీ అప్పులు ఎలా కట్టారో చూపించే రిపోర్టు తీసి ఆ హోమ్ లోన్ పేజీ చూడండి. నెలనెలకీ ఒక చిన్న గడి ఉంటుంది, 000 అంటే టైముకి కట్టారని, 034 అని ఉంటే 34 రోజులు ఆలస్యమని. ఆయన ఆలస్యం చేసిన ప్రతి నెలా మీ రిపోర్టులోనూ పడుతుంది. 90 రోజులు దాటితే లోన్ మొండి బాకీ కింద పడుతుంది, అప్పుడు మీరు మూడేళ్లు కడుపు కట్టుకుని కట్టిన కష్టమంతా బూడిదలో పోసినట్టే. ఇది తలుచుకుంటేనే నాకు మీ గురించి టెన్షన్‌గా ఉంది.

కాబట్టి విడాకుల షరతులు మాట్లాడుకునేటప్పుడే ఇది తేల్చుకోండి, తర్వాత చూద్దాం అనుకోవద్దు, ఎందుకంటే సంతకాలు అయిపోయాక ఆయనకు తొందర ఉండదు. ఆయన ఒక్కరి ఆదాయం సరిపోతే లోన్‌ని తన పేరుకే మార్పించుకోవాలి, లేదా తన పేరు మీద ఇంకో బ్యాంకుకు బదిలీ చేసుకోవాలి. సరిపోకపోతే ఫ్లాట్ అమ్మి లోన్ తీర్చి మిగిలింది పంచుకోవాలి. వ్యాపారం ఒడుదొడుకుల్లో ఉన్న మనిషి కాబట్టి నేనైతే అమ్మకానికే ఓటేస్తాను. ఏదైనా సరే, ఎన్ని నెలల్లో చేయాలో తేదీతో సహా కోర్టుకిచ్చే ఒప్పందంలో రాయించండి. ఆ ఒప్పందం మీ ఇద్దరినీ కట్టేస్తుందే తప్ప బ్యాంకును కట్టేయదు, అందుకే బ్యాంకు నుంచి కాగితం రావడం ముఖ్యం. ఫ్లాట్‌లో మీ వాటా వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాయమని ఆయన వైపు పెద్దమనుషులు తొందరపెడతారు, లోన్ నుంచి మిమ్మల్ని తప్పించినట్టు బ్యాంకు లెటర్ చేతికి రాకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కకండి. వాటా పోయి అప్పు మాత్రం మిగిలితే ఎవరూ ఆదుకోరు.

ఇక పాత బాకీలు. పర్సనల్ లోన్ పూర్తిగా కట్టారు కాబట్టి రిపోర్టులో క్లోజ్డ్ అని ఉండాలి. లేకపోతే బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేసి ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. కార్డు దగ్గర మాత్రం సెటిల్డ్ అని, అంటే మొత్తం కట్టకుండా కొంతకే ముగించారని ఉంటుంది, హోమ్ లోన్ ఇచ్చేవాళ్లు ఆ మాట చూస్తే వెనక్కి తగ్గుతారు, అది ఏళ్ల తరబడి అలాగే కనిపిస్తుంది. మిగిలిన 80 వేలు కడతాను, క్లోజ్డ్‌గా మారుస్తారా అని ఆ బ్యాంకును అడగండి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చాకే కట్టండి. డౌన్ పేమెంట్ డబ్బులోంచి తీసి కట్టినా నష్టం లేదు. డబ్బులిస్తే సిబిల్ క్లియర్ చేస్తామని ఫోన్లు చేసేవాళ్లకు మాత్రం పైసా ఇవ్వకండి.

నాన్నగారి పేరు మీద వద్దు. పెద్దవయసులో గడువు తక్కువిస్తారు, ఈఎంఐ పెరుగుతుంది, వీలునామా లేకపోతే రేపు తోబుట్టువులందరికీ వాటా వస్తుంది.

చేతిలో ఎంత ఉండాలంటే, 30 లక్షల లోన్ పోను 8 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం లెక్కన ఇంకో 2.85 లక్షలు. ఇవి సర్దుకునేలోపు జాయింట్ లోన్ సంగతి తేలిపోతే, రిపోర్టులో మీ పేరు కింద అది పోయిందో లేదో చూసుకుని ఒక్క బ్యాంకులోనే అప్లై చేయండి. నాలుగు చోట్ల ఒకేసారి పెడితే ప్రతి ఎంక్వైరీ రిపోర్టులో పడి స్కోర్ తగ్గుతుంది. ఇప్పుడు చూసిన ఫ్లాట్ అప్పటిదాకా ఆగకపోతే పోనివ్వండి.