సీటు ఇచ్చేది డిపార్ట్‌మెంటే, కానీ సెంటర్లనూ చూడండి

ప్రశ్న: మా అమ్మాయి నంద్యాలలో బీకాం ఫైనలియర్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మీడియా కోర్సు చేస్తానంటోంది. నాటకాలన్నా పిచ్చే. అక్కడ స్కూలు, డిపార్ట్‌మెంటు, సెంటరు, యునెస్కో చైర్ అని ఏవేవో ఉన్నాయి. దేనికి అప్లై చేయాలి? తర్వాత ఉద్యోగం వస్తుందా?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, ముందు అప్లికేషన్ సంగతి తేల్చేద్దాం. సీటు ఇచ్చేది డిపార్ట్‌మెంటు. అక్కడి సరోజినీ నాయుడు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ కమ్యూనికేషన్ కింద డాన్స్, థియేటర్ ఆర్ట్స్, ఫైన్ ఆర్ట్స్, మ్యూజిక్, కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. పీజీకి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. నాట్యం, నాటకం, చిత్రకళల వైపైతే రాత పరీక్ష ఒక్కటే చాలదు, చేసి కూడా చూపించాలి. కమ్యూనికేషన్‌కు బీకాం అడ్డు కాదు, ఆ టెన్షన్ వద్దు.

యునెస్కో చైర్‌లో సీట్లంటూ ఉండవు. కమ్యూనిటీ మీడియా (అంటే ఊరి జనం తమ కోసం తామే నడుపుకునే మీడియా) మీద పని చేయడానికి 2011లో కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్‌లో పెట్టిన పీఠం అది. అలాగని దాన్ని పక్కన పెట్టేయమనను. కోర్సు పేర్లు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. అక్కడి మాస్టార్లు రోజూ దేని మీద తల బద్దలు కొట్టుకుంటున్నారో తెలియాలంటే ఇలాంటి సెంటర్లనే చూడాలి. ఇక్కడ ఆ విషయం కమ్యూనిటీ రేడియో. జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో 2008లో దళిత మహిళలు మొదలుపెట్టిన సంఘం రేడియో లాంటివన్నమాట. క్యాంపస్‌లోనూ బోల్ హైదరాబాద్ అనే ఎఫ్ఎం స్టేషన్ ఉంది.

మీ అమ్మాయిని ఒక్కటే అడగండి. ఎండలో ఓ రైతుతో గంటసేపు మాట్లాడి రికార్డు చేసుకొచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే అసలు మాట దగ్గరే గాలి హోరు. అయినా కూర్చుని దాన్ని ఎనిమిది నిమిషాలకు కుదించే ఓపిక ఉందా? ఉంటే ఈ డిపార్ట్‌మెంటు ఆమెకు సరిపోతుంది. టీవీలో న్యూస్ చదవడమే కల అయితే మాత్రం, పత్రికలు, చానళ్లు సొంతంగా నడిపే జర్నలిజం స్కూళ్లు దగ్గరి దారి.

థియేటర్ గురించి దాచకుండా చెప్తాను. డిగ్రీ పట్టా చేతికి రాగానే నెల జీతం మొదలవుతుందని అనుకోవద్దు. నటన ఒక్కటే నేర్చుకున్నవాళ్లకన్నా లైటింగ్, స్టేజ్ మేనేజ్‌మెంట్ కూడా తెలిసినవాళ్లకు పని తొందరగా దొరుకుతుంది. స్కూళ్లలో డ్రామా టీచర్లుగా కుదురుకునేవాళ్లూ ఉన్నారు. కమ్యూనికేషన్‌లో కాస్త నయం: యాడ్ ఏజెన్సీలు, స్వచ్ఛంద సంస్థలు, డాక్యుమెంటరీలు, కంటెంట్ ఉద్యోగాలు. నా ఓటు కమ్యూనికేషన్‌కే. నాటకం క్యాంపస్‌లో ఎలాగూ వదలదు లెండి!

చదువు మీదే మనసుంటే పీజీ తర్వాత కాలేజీ లెక్చరర్ ఉద్యోగాలకు, పరిశోధనకు అర్హత ఇచ్చే యూజీసీ నెట్ పరీక్ష రాయొచ్చు. అందులో మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం ఒక సబ్జెక్టు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదట నెలకు రూ.37,000 ఫెలోషిప్. ఒగ్గుకథ లాంటి జానపద కళల మీద పరిశోధన అంటే మాత్రం ఈ స్కూల్లోనే వెతక్కండి. జానపద సంస్కృతి అధ్యయన కేంద్రం అదే యూనివర్సిటీలో సోషల్ సైన్సెస్ స్కూలు కింద ఉంది.

అప్లై చేసేముందు ఇద్దరూ ఓసారి వెళ్లి, ఫైనలియర్ పిల్లలు ఏం తయారు చేస్తున్నారో అడిగి చూడండి. సరోజినీ నాయుడు పేరు చెబితే ఆటోవాళ్లు అబిడ్స్‌లోని ఆమె ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ దగ్గర దింపినా దింపుతారు. యూనివర్సిటీ 1974లో మొదలైంది అక్కడే, కానీ మీరు వెళ్లాల్సింది గచ్చిబౌలి.