నాలో ఏం తక్కువైందని అడగడం మానేయండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఇంట్లో చెప్పుకోదగ్గ గొడవలు లేవు. అయినా మీ ఆయనకి బయట సంబంధం ఉందని ఈమధ్యే తెలిసింది. "అన్నీ బాగానే ఉన్నప్పుడు మనుషులు ఇలా ఎందుకు చేస్తారు, నాలో ఏం తక్కువైంది" అని అడిగారు. ఇవి రెండూ ఒకే ప్రశ్న కాదండి. మొదటిదానికి నాకు తెలిసినంత చెప్తాను. రెండోది అసలు అడగక్కర్లేని ప్రశ్న.

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా వైపు మగవాళ్లు సూరత్ మరమగ్గాలకి వెళ్లడం కొత్తేం కాదు. ఏ వీధి చూసినా కొందరు అక్కడే ఉంటారు. మా ఆయనా పెళ్లయ్యాక చాలా ఏళ్లు అక్కడే పనిచేశారు. ఆయనకి అక్కడ ఒకావిడతో సంబంధం ఉందని నాకు తెలిసింది మా పక్కవీధి కుర్రాడు నోరు జారడం వల్ల. ఆ తర్వాత ఎంత ఏడ్చానో చెప్పను, ఇప్పుడు మీరూ అదే పడుతున్నారు కదా.

విషయం బయటపడ్డాక ఒక్కొక్కరూ ఒక్కో కారణం తెచ్చారు. మా అత్త, "ఊరు కాని ఊర్లో ఉన్న మగోడమ్మా, సర్దుకోవాలి మరి" అంది. మా అమ్మ నేను ఫోన్లో సరిగ్గా మాట్లాడి ఉండనని తేల్చేసింది. ఎదురింటావిడ ఇద్దరి జాతకాలూ చూపించమంది. ముగ్గురూ నా మంచి కోరినవాళ్లే. కానీ ముగ్గురిలో ఒక్కరూ చేసిన మనిషిని పిలిచి "ఎందుకు చేశావురా" అని అడగలేదు.

దూరమే కారణమని నేనూ చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఒకసారి సూరత్ వెళ్లి ఆయన ఉన్న గది చూశాను. గది అంటే గది కాదు, మెస్ అంటారు. పన్నెండు గంటల షిఫ్టు. పగటి షిఫ్టు వాళ్లు పనికి వెళ్తే రాత్రి షిఫ్టు వాళ్లు వచ్చి అవే చాపల మీద పడుకుంటారు. సామాను గోడకి కొట్టిన మేకులకి వేలాడే సంచుల్లో ఉంటుంది. మగ్గాల చప్పుడుకి అలవాటుపడి గదిలో కూడా అందరూ గట్టిగా అరుస్తూ మాట్లాడతారు. జీతం నేసిన మీటర్లను బట్టి. కరెంటు పోయినా, ఒంట్లో బాగోకపోయినా ఆ రోజు సంపాదన లేనట్టే. అలాంటి చోట మనిషికి తోడు కావాలనిపించదా అంటే, అనిపిస్తుంది. ఆ ఒంటరితనం నిజమైనదేనని ఆ గది చూశాకే నాకు అర్థమైంది.

అయితే ఆ గదిలో ఇంకా చాలామంది ఉండేవారు. అందరిదీ మా చుట్టుపక్కల ఊళ్లే. అదే పని, అదే చాప, ఇంటికి అంతే దూరం. ఒకతను షిఫ్టు దిగగానే పెళ్లానికి వీడియో కాల్ చేసి పిల్లాడి చేత ఎక్కాలు చెప్పించుకునేవాడు. ఇంకొకతను తాగి పడుకునేవాడు, అంతే. దూరమే కారణమైతే ఆ గదిలో అందరూ అదే చెయ్యాలి. చెయ్యలేదు. అందుకే నేనిప్పుడు దూరాన్ని అవకాశం అంటాను, కారణం అనను.

ఇంట్లో సంతోషం ఉంటే ఎవరూ బయటకి చూడరన్న మాట కూడా అంత నమ్మదగ్గది కాదు. అమెరికాలో షిర్లీ గ్లాస్ అనే సైకాలజిస్టు 1985లో ఇంకొకరితో కలిసి ఒక అధ్యయనం చేసింది. బయట శారీరక సంబంధం పెట్టుకున్న మగవాళ్లలో 56 శాతం, ఆడవాళ్లలో 34 శాతం తమ కాపురం సంతోషంగానే ఉందని చెప్పారు. అది అక్కడి లెక్క, మన ఇళ్లకి యథాతథంగా సరిపోతుందని అనను. కానీ అది చదివిన రోజు నాకు కడుపు నిండా అన్నం తినబుద్ధయింది. అప్పటిదాకా మనసులో నా వంటనీ, నా మాటనీ, నా ఒంటినీ తప్పుపట్టుకుంటూ ఉన్నాను మరి.

మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఒక లెక్క ఉంది. అంతకుముందు ఏడాదిలో భార్యో భర్తో కాని, కలిసి ఉంటున్న మనిషీ కాని వాళ్లతో శారీరకంగా కలిశామని మగవాళ్లలో 4 శాతం, ఆడవాళ్లలో 0.5 శాతం చెప్పారు. ఇందులో పెళ్లికాని వాళ్లూ ఉన్నారు. పైగా ఇంటికొచ్చి ప్రశ్నలడిగే మనిషికి ఇలాంటి విషయంలో ఎంతమంది నిజం చెప్తారు? ముఖ్యంగా ఆడవాళ్లు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి మా చెల్లెలి, అంటే పిన్ని కూతురి సంగతి చెప్పాలి. ఇచ్ఛాపురం దగ్గర ఉంటుంది. దాని మొగుడు రోజూ ఇంటికొచ్చే మనిషి. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. అయినా మా చెల్లెలికి తను పనిచేసే చోట ఒకతనితో మొదలైంది. మొదట్లో పిల్లల స్కూలు ఫీజుల గురించి మాటలు, తర్వాత అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు. నేను అడిగితే, "మా ఆయన మంచోడే అప్పా, ఆయన మీద కోపం ఏం లేదు. ఇంట్లో నేను పిల్లల తల్లిని, ఇంటి కోడల్ని. అతనొక్కడే నా మొహం చూసి మాట్లాడేవాడు" అంది. అది అబద్ధం కాదని నాకు తెలుసు. కానీ మొహం చూసి మాట్లాడమని తను మొగుణ్ణి ఒక్కసారైనా అడిగిందా అంటే, లేదు.

ఆ విషయం తెలిసిన రోజే దాని ఫోను లాగేసుకున్నారు, పుట్టింటికి పంపేశారు, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. నా మొగుడి విషయంలో మాత్రం అందరూ "సర్దుకో" అన్నారు. పెద్దమనుషులు కూర్చోలేదు సరికదా, ఆయన సెలవులకి వచ్చినప్పుడు మా అత్త కోడిని కోసి కూర వండింది. ఈ తేడా గురించి మా ఇంట్లో నేను ఇప్పటికీ గొడవ పడుతూనే ఉంటాను.

ఇంతకీ మా ఆయన ఏం చెప్పారన్నది మీకు అన్నిటికంటే పనికొస్తుంది. మొదట ఏమీ లేదన్నారు. తర్వాత ఒంటరితనం అన్నారు. ఆ తర్వాత నా మీదకి తిప్పారు. "ఫోన్ చేస్తే కరెంటు బిల్లు, కిరాణా బాకీ తప్ప ఇంకేం మాట్లాడావు" అన్నారు. అది వినగానే నాకు నిజమే అనిపించింది కూడా. కానీ కిరాణా బాకీ గురించి ఇంకెవరితో మాట్లాడాలి చెప్పండి? చాలా కాలం తర్వాత, కోపాలు చల్లారాక, ఒకరోజు ఆయనంతట ఆయనే అన్నారు: "నీకు తెలీదనుకున్నాను. తెలిస్తే చేసేవాణ్ణి కాదు." ఆయన చెప్పిన అన్ని కారణాల్లో నేను పూర్తిగా నమ్మింది ఇదొక్కటే.

మా ఇంటి సంగతి, చెల్లెలి సంగతి చూశాక నాకు తోచింది చెప్తాను. కష్టమో, విసుగో, పాత ప్రేమో, మేనరికమని బలవంతంగా చేసిన పెళ్లో, పగో ఏదో ఒకటి లోపల ఉంటుంది. అది చాలామందికి ఉంటుంది. దానికి అవకాశం తోడవుతుంది. ఆ పైన "ఈ ఒక్కసారికి ఏం కాదులే" అని ఎవరికి వాళ్లు అనుమతి ఇచ్చుకోవాలి. ఆ అనుమతి మీరు ఇచ్చింది కాదు. తర్వాత చెప్పే కారణాల్లో చాలావరకు దొరికిపోయాక వెతికి తెచ్చుకున్నవే. కొందరి విషయంలో కాపురం నిజంగానే ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, కాదనను. అప్పుడు కూడా విడిపోదామని చెప్పే దారి ఒకటుంది కదా.

కేసు పెట్టి లోపల వేయిస్తానని మీరు చివర్లో రాశారు. అది కుదరదు. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకోవడాన్ని నేరంగా చూసే 497 సెక్షన్‌ని కొట్టేసింది. అప్పటి చీఫ్ జస్టిస్ దీపక్ మిశ్రా మా ఒడిశా ఆయనే. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ నేరం లేదు. నిజానికి పాత సెక్షన్ ఉన్నప్పుడూ భార్యకి భర్త మీద కేసు పెట్టే హక్కు లేదు. ఆ రెండో ఆవిడకి భర్త ఉంటే అతను పెట్టాలి, అదీ సంబంధం పెట్టుకున్న మగవాడి మీద. విడాకులు కావాలంటే మాత్రం హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద ఇది ఇప్పటికీ కారణమే. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఇది చాలామందికి తెలీదు.

ఇంకో మాట, సిగ్గుపడకుండా చదవండి. హెచ్‌ఐవీ టెస్టు చేయించుకోండి, ఆయన చేత కూడా చేయించండి. ఒడిశాలో ఈ జబ్బు గురించి మాట్లాడేటప్పుడు వలసల వల్ల గంజాం పేరు తప్పకుండా వస్తుంది, అందుకే మా దగ్గర ఆశా కార్యకర్తలు కూడా మొహమాటం లేకుండా చెప్తారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. వ్యాధి సోకిన కొత్తల్లో టెస్టులో తెలియకపోవచ్చు కాబట్టి, మొదటిసారి నెగటివ్ వచ్చినా మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి. అనుమానాలుంటే 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

"ఎందుకు చేశావు" అన్న ప్రశ్నని కొంతకాలం ఆపండి. ఇప్పుడే అడిగితే అబద్ధమో, మీ మీద నిందో వస్తుంది. ఇంకా నడుస్తోందా, డబ్బు ఎంత వెళ్లింది, అప్పులేమైనా ఉన్నాయా, ఈ సంగతి ఎవరెవరికి తెలుసు అని అడగండి. వీటి జవాబులు నిజమో కాదో మీరు సరిచూసుకోవచ్చు. మా ఆయన డబ్బు లెక్క మొత్తం నా ముందు పెట్టారు, సూరత్ మానేసి ఇక్కడే చిన్న రిపేరు షాపు పెట్టుకున్నారు. నేను ఉండిపోయాను. మా చెల్లెలి మొగుడు ఇంకా ఏదీ తేల్చుకోలేదు. మీరు ఉండాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు. తేల్చుకునేలోపు మాత్రం పిల్లల పేరున ఉన్న పాసుబుక్కులూ, మీ బంగారం రసీదులూ మీ దగ్గరే పెట్టుకోండి.