రెండు విడి బ్యాటరీల వేప్ మోడ్ కొత్తగా కొన్నవారికి: చార్జింగ్, దానికంటే ముఖ్యమైన ఇంకో విషయం

సిగరెట్ మానాలని రెండు 18650 బ్యాటరీలు (గుండ్రటి లిథియం సెల్స్) పట్టే వేప్ మోడ్, అంటే ఈ-సిగరెట్ పరికరం, కొన్నానని, దాన్ని ఫోన్ చార్జర్‌కి పెట్టొచ్చా, రాత్రంతా వదిలేయొచ్చా అని అడిగారు. ఆ రెండింటికీ జవాబు చెప్తాను. ముందు మీరు అడగనిది ఒకటి చెప్పాలి: అదనపు బ్యాటరీని ఎలా దాస్తున్నారు?

నేను ఏళ్లుగా ఇలాంటి మోడ్‌లే వాడుతున్నాను. నాకు తెలిసినవాళ్లలో ఒకరికి తొడ కాలింది. అప్పుడు బ్యాటరీ చార్జింగ్‌లో లేదు, తాళాలతో పాటు ప్యాంటు జేబులో ఉంది. ఈ బ్యాటరీకి పైన మధ్యలో ఉన్న చిన్న భాగం ఒక్కటే ప్లస్, మిగతా లోహపు ఒళ్లంతా, పై అంచు దాకా, మైనస్. ఈ రెండింటినీ విడదీసేది పైనున్న సన్నటి రింగు, ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. ఆ తొడుగు అంచు దగ్గర చిరిగినా, తాళంచెవో చిల్లరో రెండు కొసలనూ కలిపినా షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఫోన్ బ్యాటరీకి ఉండే రక్షణ సర్క్యూట్ వేప్‌లో వాడే విడి సెల్స్‌కి సాధారణంగా ఉండదు. అందుకే పదుల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా పారి, సెల్ క్షణాల్లో భగ్గుమంటుంది. శామ్‌సంగ్, ఎల్‌జీ లాంటి తయారీ సంస్థలే ఈ సెల్స్‌ని ఇలా విడిగా వాడటానికి అమ్మడం లేదని చెప్తాయి. కాబట్టి ఈరోజే ఒక ప్లాస్టిక్ డబ్బా కొనండి, ఖరీదు చాలా తక్కువ. బ్యాటరీ మార్చేటప్పుడల్లా తొడుగు చూడండి. గోటితో గీకినంత చిరుగు కనిపించినా పక్కన పెట్టేయండి. వేడికి బిగుసుకునే కొత్త తొడుగు వేయించుకోవచ్చు. సొట్ట పడినదాన్ని మాత్రం బాగు చేయాలని చూడకండి.

ఇక చార్జింగ్. బ్యాటరీలు బయటికి తీయగలిగినప్పుడు విడి చార్జరే మేలు. మంచి చార్జర్ ఒక్కో సెల్‌ని విడిగా చూసుకుంటూ 4.2 వోల్టుల దగ్గర ఆపేస్తుంది. మోడ్‌కున్న యూఎస్‌బీ పోర్టు నుంచి కూడా ఎక్కుతుంది గానీ, చౌక పరికరాల్లో రెండు సెల్స్ సమానంగా నిండుతాయన్న నమ్మకం లేదు. అత్యవసరానికి మాత్రం వాడండి, అదీ పరికరంతో వచ్చిన పుస్తకంలో రాసినంత కరెంటు ఇచ్చే అడాప్టర్‌తోనే. ఫోన్ ఫాస్ట్ చార్జర్ వద్దు.

నేను 1 ఆంపియర్ దాటనివ్వను. 3,000 ఎంఏహెచ్ (సెల్ ఎంత చార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత) సెల్‌కి మూడు గంటల పైనే పడుతుంది, పట్టనివ్వండి. నెమ్మదిగా ఎక్కితే సెల్ వేడెక్కదు, ఎక్కువ కాలం వస్తుంది. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే చార్జర్ ప్లగ్ తీసేయండి, ఆ సెల్‌ని మళ్లీ వాడకండి. రాత్రంతా మాత్రం వదలొద్దు. చార్జర్ ఆపేస్తుందన్నది నిజమే, కానీ ఆపనిరోజు మీరు మెలకువగా ఉండాలి. మంచం, సోఫా కాకుండా టైల్స్ మీదో రాతి గట్టు మీదో పెట్టండి, బయటికి వెళ్లే దారికి అడ్డంగా కాకుండా. సున్నా డిగ్రీల కంటే చల్లటి చోట చార్జ్ చేయకూడదు.

రెండు బ్యాటరీల మోడ్ కాబట్టి ఇంకో మాట. ఒకే రకం, ఒకేసారి కొన్న రెండింటిని జంటగా వాడండి, విడదీయొద్దు. నేను మార్కర్‌తో ఒక జంటకి 'అ', ఇంకో జంటకి 'ఆ' అని రాసుకుంటాను. కొత్తదాన్ని పాతదానితో కలిపితే పాతది ముందే ఖాళీ అయిపోతుంది, రెండోది దాన్ని ఇంకా కిందికి లాగేస్తుంది.

కొనేటప్పుడు ఎంఏహెచ్ చూసి మోసపోకండి. ఈ సైజులో పేరున్న సెల్స్ చాలావరకు 2,500 నుంచి 3,500 మధ్యే ఉంటాయి. 9,900 అని రాసి ఉంటే అది అబద్ధమే. మీరు చూడాల్సింది అది ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది. ఒకే సెల్ ఉన్న మోడ్‌లో 60 వాట్లు పెడితే, అది 3.2 వోల్టులకు దిగేసరికి దాదాపు 19 ఆంపియర్లు ఇవ్వాలి, సర్క్యూట్‌లో పోయేది అదనం. మీ మోడ్‌లో ఆ భారం రెండు సెల్స్ పంచుకుంటాయి కాబట్టి కాస్త నయం. సర్క్యూటే లేని మెకానికల్ మోడ్ జోలికి ఇప్పుడే పోకండి, ఎవరు ఎంత పొగిడినా సరే.

వేప్‌ని అనుమతించే చోట విమానంలో అయితే పరికరం, బ్యాటరీలు అన్నీ మీతో ఉండే బ్యాగులోనే, చెక్-ఇన్ సామానులో కాదు. అక్కడ చార్జ్ కూడా పెట్టకూడదు.

పాడైన సెల్‌ని చెత్తబుట్టలో వేయకండి. రెండు కొసలకీ టేపు అంటించి, బ్యాటరీలు తీసుకునే ఈ-వేస్ట్ కేంద్రంలో ఇవ్వండి. మీ సెల్స్ మోడల్ పేరు, మీరు పెట్టే వాట్లు ఇక్కడ రాస్తే, అవి సరిపోతాయో లేదో లెక్కేసి చెప్తాను.